పిల్లల్లేని ఇల్లు

పడుగులపేట అనే నేతగాళ్ల ఊళ్లో, చేతిలో కాగితం పట్టుకుని వచ్చిన ప్రతి మనిషినీ దొంగలాగే చూసే పాపాయమ్మ అనే ముసలావిడ ఉండేది.

ఊరికే పుట్టిన అనుమానం కాదు లెండి అది. భర్త పోయిన ఏడాదే ఇద్దరు మనుషులు ప్రభుత్వం తరఫున వచ్చామని చెప్పి, "కొత్త మగ్గం ఇప్పిస్తాం" అని ఆమె చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. కొత్త మగ్గం రాలేదు సరికదా, నెల తిరక్కుండా ఎవరో షావుకారు వచ్చి, "నువ్వు అమ్మేశావు, ఇదిగో నీ వేలిముద్ర" అని ఉన్న మగ్గాన్ని కాస్తా ఊడదీసి బండికెత్తించుకుపోయాడు. ఆ వచ్చినవాళ్లు ప్రభుత్వం వాళ్లూ కాదు, ఏమీ కాదు. ఒట్టి మోసగాళ్లు. కానీ ఆ రోజు నుంచి పాపాయమ్మకి మోసగాడికీ, మేలు చెయ్యడానికి వచ్చినవాడికీ తేడా లేకుండా పోయింది.

జనాభా లెక్కలవాళ్లు వస్తే తలుపేసేది. ఓటరు చీటీ ఇవ్వడానికి వచ్చిన మనిషిని, "గడప మీద పెట్టి పదడుగులు వెనక్కి నడు" అనేది. వృద్ధుల పింఛను రాయించుకోమంటే, "వేలిముద్ర అడుగుతారుగా? నాకొద్దు" అని తోసిపారేసింది. తనతో ఆగితే సరిపోయేది. వీధివాళ్లకీ అదే పాఠం చెప్పింది.

"కాగితాలవాడు ఏమడిగినా 'మాకు తెలీదు బాబూ' అనండి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పారో, మీ మగ్గాలూ నా మగ్గం దారే పడతాయి!"

ఆవిడ నోటికి జడిసి వీధి వీధంతా అలాగే అనేది.

పాపాయమ్మ కొడుకు సూరిబాబు. అప్పు చేసి మళ్లీ మగ్గం పెట్టుకుని నెమ్మదిగా నిలదొక్కుకున్నాడు. మంచివాడే కానీ తల్లి గీసిన గీత దాటేవాడు కాదు. కోడలు లోవకుమారి. వాళ్లకి ఒక్కతే కూతురు, కనకం. వచ్చే వినాయక చవితికి ఆ పిల్లకి ఐదేళ్లు నిండుతాయి. చలాకీ పిల్ల, కళ్లతోనే నవ్వేది. కానీ మాట రాలేదు. వెనక నుంచి ఇత్తడి పళ్లెం పడేసినా తిరిగి చూసేది కాదు. పుట్టు చెవుడని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. పైకి మాత్రం ఎవరూ అనేవారు కాదు.

పాపాయమ్మకి మనవరాలంటే ప్రాణం. ఆమె భయమల్లా ఒకటే. ఎక్కడో ఏదో ఊళ్లో జీపు వచ్చి ఒక మూగపిల్లని ఎత్తుకుపోయి హాస్టల్లో పడేసిందని ఎవరో అనగా విన్నది. అన్నది ఎవరో గుర్తులేదు, ఏ ఊరో తెలీదు. అయినా నమ్మింది. చూశారా విచిత్రం! ఎదురుగా నిలబడి చెప్పే మనిషిని నమ్మదు, ఎవరో తెలియని మనిషి చెప్పింది మాత్రం గట్టిగా నమ్మేసింది. కనకం పుట్టింది లోవకుమారి పుట్టింట్లో. తిరిగొచ్చాక పిల్ల పుట్టిన తేదీ రాయిద్దామని సూరిబాబు అంటే, "కాగితంలో పేరెక్కిందా, ఇక పిల్ల మనది కాదురా!" అని అడ్డుపడింది. అంగన్‌వాడీకి పంపనివ్వలేదు. ఆధార్ తీయించనివ్వలేదు.

పిల్లని దాచడానికి ఆమె ఒక ఉపాయం కూడా కనిపెట్టింది. వాళ్లది గుంట మగ్గం. నేతగాడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, అడుగునున్న పలకలు తొక్కుతూ నేస్తాడు. కొత్త మనిషి వీధి మొదట్లో కనపడగానే పాపాయమ్మ అరచేత్తో నేల మీద దబదబా రెండు దెబ్బలు వేసేది. ఆ అదురు పాదాలకి తగలగానే కనకం కిలకిలా నవ్వుతూ పరుగెత్తి గుంటలోకి దూరి, తండ్రి కాళ్ల దగ్గర ముడుచుకునేది. పైన నేస్తున్న చీర అడ్డు. పిల్లకి అదొక దాగుడుమూతల ఆట. కొన్నాళ్లకి దెబ్బ వెయ్యక్కర్లేకుండానే, చేతిలో కాగితాలున్న మనిషి కనపడితే చాలు, తనే వెళ్లి దూరడం నేర్చుకుంది.

ఉగాది ముందు ఆ ఊరికి దయామణి అనే కొత్త ఆరోగ్య కార్యకర్త వచ్చింది. అంతకు ముందున్నావిడ పాపాయమ్మ తిట్లకి జడిసి ఆ గడప తొక్కడమే మానేసింది. దయామణి అలా కాదు. ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్లలోపు పిల్లల పేర్లు రాసుకుంటూ పాపాయమ్మ గుమ్మం ముందుకీ వచ్చింది.

"మామ్మగారూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారాండీ?"

"ఎందుకూ?" అంది పాపాయమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"పుట్టుకతో వినపడని పిల్లలకి ప్రభుత్వం ఆపరేషన్ చేయిస్తోందండి. చెవి వినపడుతుంది, మాట నేర్పుతారు. కాకపోతే ఐదేళ్లు నిండకముందే చేయించాలి. నిండితే పేరు రాసుకోరు."

"ఎంత పుచ్చుకుంటారు?"

"ఏమీ పుచ్చుకోరండి. ఉచితం."

"అయితే మోసమే! ఉప్పు కూడా ఊరికే ఇవ్వని రోజుల్లో చెవులు ఊరికే ఇస్తారా? మా ఇంట్లో పిల్లల్లేరు. రాసుకో."

దయామణి దండెం మీద ఆరేసిన చిన్న గౌను వైపు చూసింది. "మరి ఆ గౌనో మామ్మగారూ?"

"అమ్మవారికి మొక్కుకున్నది."

"అమ్మవారికి గౌనాండీ?"

"మా అమ్మవారు, మా ఇష్టం! మధ్యలో నీకేం?"

దయామణి పుస్తకంలో 'పిల్లలు లేరు' అని రాసుకుని, తేదీ వేసుకుని వెళ్లిపోయింది.

తలుపు వెనక లోవకుమారి ఇదంతా విన్నది. "అత్తయ్యా, ఒక్కసారి చూపిద్దామండీ. అడిగితే పోయేదేముంది?" అంది.

"మగ్గమప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. పోయింది! పిల్ల గురించి బయట నోరు విప్పావో, నా చావు చూసినట్టే," అంది పాపాయమ్మ.

లోవకుమారి నోరు కుట్టేసినట్టయింది. సూరిబాబు వైపు చూసింది. అతను తల వంచుకుని తెగిన పోగు ముడేసుకుంటున్నాడు.

ఉగాది వెళ్లాక దయామణి మళ్లీ వచ్చింది. 'పిల్లల్లేరంటే మళ్లీ వస్తుందేమిటి? దీని వెనక ఏదో ఉంది' అనుకుంది పాపాయమ్మ. దయామణి సంచీ వైపు అనుమానంగా చూసింది, ఇచ్చిన కరపత్రాన్ని చీపురుపుల్లతో పక్కకి నెట్టింది. ఎండలు ముదిరాక దయామణి మూడోసారి వచ్చింది. ఈసారి జీపులో, ఒక డాక్టరమ్మతో. జీపు చూడగానే పాపాయమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. లోపల సూరిబాబు మగ్గం మీద కూర్చునే ఉన్నాడు, కానీ నేయడం లేదు. పలకలు తొక్కితే పిల్లకి తగులుతాయి మరి.

"మగ్గం మీద కూర్చుని నేయడం లేదేంటండీ?" అంది దయామణి.

"కునుకు తీస్తున్నాడు. నేతగాడు నిద్రపోకూడదని కూడా రాసుందా నీ పుస్తకంలో?" అంది పాపాయమ్మ.

దయామణి నిట్టూర్చింది. "మామ్మగారూ, కళ్లతో చూడంది నేను రాయలేను. మీరు చెప్పిందే మూడోసారి రాస్తున్నాను. ఒకవేళ ఈ ఇంట్లో పిల్లంటూ ఉంటే, ఐదు నిండకముందే తీసుకురండి. మంగళవారం మంగళవారం పట్నంలో వినికిడి కేంద్రం దగ్గరే ఉంటాను."

జీపు వెళ్లిపోయింది. కానీ పాపాయమ్మకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ జీపు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్తోంది? ఆ కేంద్రం లోపల ఏం చేస్తున్నారు? తన కళ్లతో చూసి, వాళ్ల బండారం ఊరందరి ముందూ బయటపెట్టాలనుకుంది. కోడలి నోరు కూడా దాంతో శాశ్వతంగా మూతపడుతుంది. తొలకరి పడిన వారంలో ఒక మంగళవారం, ఎవరికీ చెప్పకుండా పట్నం బస్సెక్కింది.

వినికిడి కేంద్రం ఎదురుగా ఒక టీ బడ్డీ ఉంది. పాపాయమ్మ కొంగు నెత్తిమీద కప్పుకుని అక్కడ చతికిలబడింది. లోపలికి వెళ్లే పిల్లల్ని వేళ్ల మీద లెక్కపెట్టింది. పదకొండు మంది. 'ఎంతమంది బయటికొస్తారో చూద్దాం' అనుకుంది.

"ఏం బాబూ, ఈ పిల్లలందర్నీ రాత్రికి వ్యానెక్కించి పంపేస్తారటగా?" అని టీ కొట్టతన్ని ఆరా తీసింది.

"ఎక్కడికి పంపుతారమ్మా? పన్నెండింటికి అమ్మలే ఇంటికి తీసుకుపోతారు. నువ్వెవరు, పోలీసా?" అని నవ్వాడతను.

పన్నెండయింది. పదకొండు మందీ బయటికొచ్చారు. పాపాయమ్మకి లెక్క సరిపోయింది గానీ మనసు సరిపడలేదు. ఇంతలో ఒక పిల్ల, కనకమంతే ఉంటుంది, చెవి వెనక చిన్న మిషను పెట్టుకుని మెట్ల మీద ఆడుకుంటోంది. వెనక నుంచి తల్లి, "హేమా, చెప్పులేసుకో!" అంది. ఆ పిల్ల గిరుక్కున తిరిగి, "ఇంకోటేదీ?" అంది. మాట కొంచెం ముద్దగా ఉంది. కానీ మాటే.

'నాటకం! పుట్టు చెవుడు కాదు, ఏమీ కాదు. మనలాంటివాళ్లకి చూపించడానికి తయారుచేసిన పిల్ల' అనుకుంది పాపాయమ్మ. చప్పుడు కాకుండా లేచి పిల్ల వెనక్కి వెళ్లింది. నీడ కూడా పడకుండా నిలబడి, గొంతు తగ్గించి, "పాపా," అంది.

ఆ పిల్ల తిరిగి చూసింది. "ఏంటి మామ్మా?"

పాపాయమ్మ తన ఇంట్లో ఐదేళ్లుగా ఏ గొంతులోంచీ వినని పిలుపు అది. ఆ తల్లిని అడిగింది. "నిజం చెప్పమ్మా, నీకు పుణ్యముంటుంది. ఈ పిల్ల పుట్టు చెవిటిదేనా?"

"చెవి పక్కన బిందె కొట్టినా తిరిగేది కాదండి. మూడో ఏట ఆపరేషన్ చేసి ఈ మిషను పెట్టారు. రెండేళ్లు ఇక్కడికి తిప్పాను, మాటొచ్చింది. మీ ఇంట్లో కూడా ఎవరన్నా ఉన్నారాండీ?"

పాపాయమ్మ ఆ మెట్ల మీదే కూలబడింది.

మర్నాడు పొద్దున్నే మనవరాలిని చంకనేసుకుని, కొడుకునీ కోడల్నీ వెంటబెట్టుకుని దయామణి ఇంటికి పరుగెత్తింది. చవితికి ఇంకా రెండున్నర నెలలుంది. దయామణి పిల్లని చూసి సంబరపడింది, ఒక్క మాట కూడా దెప్పలేదు. అప్పటికప్పుడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఆపరేషన్ చెయ్యొచ్చని డాక్టరమ్మ అంది. ఇక మండలాఫీసులో కాగితం ఒక్కటి రాస్తే చాలు. హమ్మయ్య అనుకున్నారు అందరూ. అసలు కథ అక్కడే మొదలైంది.

ఆఫీసులో అధికారి పుస్తకం తిరగేశాడు. "ఈ ఇంట్లో పిల్లల్లేరని మూడుసార్లు రాసుందే? నాలుగు నెలల్లో ఐదేళ్ల పిల్ల ఎక్కణ్ణుంచి ఊడిపడింది?"

"నా మనవరాలే బాబూ. అప్పుడు నేనే అబద్ధం చెప్పాను," అంది పాపాయమ్మ.

"అప్పుడు చెప్పింది అబద్ధమో, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమో నాకెలా తెలుస్తుంది? పుట్టిన సర్టిఫికెట్ ఉందా?"

"లేదు."

"ఆధార్? అంగన్‌వాడీలో పేరు?"

"లేదు బాబూ."

"పెద్దమ్మా, వేరేవాళ్ల పిల్లల్ని తెచ్చి మా పిల్లలే అని రాయించుకోబోయినవాళ్లున్నారు. వయసు తగ్గించి చెప్పేవాళ్లూ ఉన్నారు. విచారణ చెయ్యకుండా రాయను," అన్నాడాయన. అంటూ ఆమెని ఎగాదిగా చూశాడు. ఆ చూపు పాపాయమ్మకి బాగా తెలుసు. తను లోకాన్ని అలాగే చూస్తూ వచ్చింది.

వారం తర్వాత ఆయన చేతిలో కాగితాల కట్టతో విచారణకి వచ్చాడు. వీధిలో మొదటి ఇంట్లో అడిగాడు. "సూరిబాబుకి పిల్లలున్నారా?"

"మాకు తెలీదు బాబూ."

రెండో ఇల్లు, మూడో ఇల్లు. అందరిదీ ఒకటే మాట. పాపాయమ్మ లబోదిబోమంటూ వచ్చింది. "ఒసే నరసమ్మా! నీ చేతుల్లో పెరిగిన పిల్లే! చెప్పవేం?"

పక్కింటి నరసమ్మ ఆమె చెవిలో, "నువ్వే కదా వదినా ఒక్క ముక్క చెప్పొద్దన్నావు? ఇప్పుడు చెబితే మా కొంపకేం మూడుతుందో ఏమో," అని గొణిగి లోపలికి పోయింది.

"సరే, పిల్లనన్నా చూపించండి," అని అధికారి ఇంట్లోకి అడుగుపెట్టాడు. ఇల్లంతా చూశాడు. పిల్ల లేదు.

పాపాయమ్మకి అప్పుడు తట్టింది. కాగితాలు చూసి కనకం గుంటలో దూరింది!

"కనకం! అమ్మా కనకం! బయటికి రా తల్లీ!" అని గొంతు చించుకుని అరిచింది. అరిచి, అంతలోనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వినపడని పిల్లని తను పిలుస్తోంది.

సూరిబాబు గుంటలోకి వంగి పిల్ల చెయ్యి పట్టుకున్నాడు. ఆట మధ్యలో పట్టుబడితే ఏ పిల్ల ఊరుకుంటుంది? కనకం గింజుకుంది, చెయ్యి కొరికింది, కాళ్లు తన్నుకుంటూ ఏడ్చింది. లోవకుమారి ఎత్తుకోబోతే విదిలించుకుని మళ్లీ గుంటలోకే ఉరికింది.

అధికారి మొహం మారిపోయింది. "సొంత పిల్లయితే ఇలా గుంటలో ఎందుకు దాస్తారు? తల్లి దగ్గరికి ఎందుకు రాదు?" అన్నాడు. "పుట్టుక రుజువు తెస్తే తప్ప ఈ కాగితం కదలదు."

ఆయన్ని అనడానికేముంది? పుస్తకం ఒకటి చెప్పింది, వీధి ఒకటి చెప్పింది, కళ్లు ఒకటి చూపించాయి. అన్నిట్నీ అలా చెప్పేటట్టు తయారుచేసింది పాపాయమ్మే.

దయామణి ఊరుకోలేదు. లోవకుమారి పుట్టింటి ఊరికి వెళ్లింది. పురుడు పోసిన నర్సు బదిలీ అయిపోయింది. ఆవిడ ఎక్కడుందో కనుక్కుని, పాత పుస్తకాలు ఏ ఆసుపత్రి బీరువాలో ఉన్నాయో వెతికించి, సంతకాలు చేయించేసరికి వారాలు గడిచాయి. పాపాయమ్మ కూడా ఆమె వెంట ప్రతి గుమ్మం ఎక్కింది. ఎవరు ఎక్కడ వేలిముద్ర వెయ్యమంటే అక్కడ వేసింది. శ్రావణం వెళ్లింది. వీధిలో చవితి పందిరి వేశారు, తీసేశారు. పందిరి తీసేసిన పదిహేనో రోజున ఆ పాత పుస్తకం దొరికింది. అందులో కనకం పుట్టిన తేదీ, బరువు, తల్లి పేరు అన్నీ ఉన్నాయి. కనకం వాళ్ల పిల్లేనని తేలిపోయింది. ఐదేళ్లు నిండిపోయాయనీ తేలిపోయింది.

డాక్టరమ్మ ఆ కాగితం జతచేసి పై ఆఫీసుకి రాసి, జవాబు రాగానే వాళ్లని పిలిపించింది.

"పై ఆఫీసుకి రాశానమ్మా. ఒప్పుకోలేదు. ఈ ఆపరేషన్ బయట చేయించాలంటే మీ ఇల్లూ మగ్గం అమ్మినా చాలదు. పిల్లకి ఆపరేషన్ లేకుండా పెట్టే మామూలు చెవి మిషను ఇస్తాం. దాంతో పెద్ద చప్పుళ్లు కొంత తెలుస్తాయి. చేతులతో మాట్లాడే భాష నేర్పుతాం. చురుకైన పిల్ల, చదువుకుంటుంది, బతుకుతుంది. అధైర్యపడకండి," అంది.

"నేను మొదటిసారే చూపించి ఉంటే?" అని అడిగింది పాపాయమ్మ.

డాక్టరమ్మ తల దించుకుంది. "ఈపాటికి ఆపరేషన్ అయిపోయి ఉండేదమ్మా. మాటలు నేర్పుతూ ఉండేవాళ్లం."

బయట వరండాలో పాపాయమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. కోడలి మొహం చూసే ధైర్యం లేదు. "తిట్టవే నన్ను. ఇన్నాళ్లూ నీ నోరు నొక్కాను. నీ కడుపు మంట తీరేదాకా తిట్టు," అని ఏడ్చింది.

లోవకుమారి కళ్లు తుడుచుకుంది. పిల్ల తలని గుండెకి అదుముకుని, "తిడితే పిల్లకి వినపడుతుందా అత్తయ్యా?" అంది.

మోసపోయినవాళ్లు జాగ్రత్త పడాల్సిందే, కానీ జాగ్రత్తంటే వెళ్లి విచారించి, నిజమేదో తేల్చుకోవడం. విచారించకుండా అందరినీ అనుమానించే మనిషి మోసగాళ్లని ఆపలేడు, తనని నమ్ముకున్నవాళ్లకి అందాల్సిన మేలునే ఆపుతాడు.